ఓర్పు పేరిట నోరు నొక్కకండి



గత మాసంలో మా ఊరిలో ఒక గృహ ప్రార్థన కూటానికి వెళ్ళాను. నా వద్ద చదువుకున్న ఒక అమ్మాయి అక్కడికి వచ్చింది. ఆమె భర్త పదునాలుగు నెలలుగా విచారణ ఖైదీగా జైలులో ఉన్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు. ములాఖత్తుకు పోయి వస్తే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది. బెయిలు కోసం వకీలు ఇంటి చుట్టూ తిరుగుతున్నాననీ, తన కోసం ప్రార్థించమనీ ఆమె కోరింది. వెంటనే ఒక పెద్దమనిషి లేచి, "పౌలు మహనీయుడు చెరసాలలో కీర్తనలు పాడాడమ్మా! వకీళ్ళ వెంట తిరగడం అవిశ్వాసం. ఓర్చుకో. దేవుడే తగిన కాలమందు విడిపిస్తాడు" అని సెలవిచ్చారు. కూటమంతా 'ఆమేన్' అన్నది. ఆమె తల వంచుకొన్నది.

బయటికి వచ్చాక నన్నడిగింది: "మాస్టారూ! నిజంగానే నాకు విశ్వాసం తక్కువైందంటారా?"

లేదని చెప్పాను. కాని నలుగురిలో లేచి చెప్పవలసిన మాట గుమ్మం బయట గొణిగినందుకు ఆనాటి నుండి సిగ్గుపడుతున్నాను. ఆ అప్పు ఇప్పుడు తీర్చుకొంటున్నాను.

ముందుగా మాట సంగతి చూద్దాం. ముప్పది ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ అలవాటు పోదు. 'సహనం' అనే పదానికి మూలం 'సహ' ధాతువు. దానికి ఓర్చుకొనుట అన్న అర్థమే కాక, ఎదిరించి నిలుచుట, జయించుట అన్న అర్థాలు కూడా ఉన్నాయి. 'సహస్సు' అంటే బలం. 'సాహసం' ఆ ఇంటి బిడ్డే. క్రొత్త నిబంధన గ్రీకు మూలంలో ఓర్పుకు వాడిన 'హుపొమొనే' అన్న మాటకు బరువు క్రింద నిలిచి ఉండుట అని అర్థం. నిలిచి ఉండేవాడు నోరు మూసుకోవాలని ఏ నిఘంటువు చెప్పింది?

ఇక ఆ పెద్దమనిషి పేర్కొన్న పౌలు సంగతి. ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి ఆయన, సీల కీర్తనలు పాడిన మాట నిజమే. అయితే అపొస్తలుల కార్యముల పదునారవ అధ్యాయాన్ని సగంలో మూసేయడం దేనికి? తెల్లవారి, వారిని వదిలిపెట్టమని న్యాయాధిపతులు కబురు పంపారు. పౌలు కదలలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి, ఇప్పుడు రహస్యంగా పంపుతారా, వారే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకొని పోవాలి అన్నాడు. వారు వచ్చి బతిమాలుకొన్నారు కూడా. తరువాత యెరూషలేములో ఆయనను చంపడానికి కుట్ర జరిగినప్పుడు ఆ సంగతి తెచ్చి చెప్పినవాడు ఆయన మేనల్లుడు. పౌలు ఆ పిల్లవానిని నేరుగా సహస్రాధిపతి దగ్గరికి పంపించాడు. కైసరయలో రెండేళ్ళు నిర్బంధంలో ఉన్న పిమ్మట, కైసరు ఎదుటనే చెప్పుకొంటానని చట్టప్రకారం అప్పీలు చేసుకొన్నాడు. పాట పాడిన నోరూ, న్యాయం అడిగిన నోరూ ఒక్కటే. ఒకదానిని పొగిడి రెండవదానిని దాచిపెట్టడం వాక్యోపదేశం అనిపించుకోదు.

మన క్రైస్తవ గృహాలలో బైబిలు ప్రక్కనే ఉండే 'యాత్రికుని ప్రయాణము' గ్రంథకర్త జాన్ బన్యన్ ఇంటి కథ ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఆయన పాత్రలకు మాట్లు వేసుకొని బ్రతికే పేదవాడు. ఇంగ్లండులో రాజు అనుమతించిన సంఘానికి వెలుపల బోధించినందుకు 1660 నవంబరులో పట్టుకొన్నారు. బెడ్‌ఫర్డ్ చెరసాలలో 1672 వరకు, అంటే సుమారు పన్నెండేళ్ళు ఉంచారు. ఇక బోధించనని ఒక్క మాట చెబితే ఇంటికి పోవచ్చు. ఆయన చెప్పలేదు.

దీనిని మన ప్రసంగీకులు చెబుతారు. ఆయన భార్య ఎలిజబెత్తు సంగతి మాత్రం చెప్పరు. ఆమె రెండవ భార్య, చిన్న వయసుది. భర్తను పట్టుకొన్నప్పుడు నిండు చూలాలు. ఆ దిగ్భ్రాంతికి నెలలు నిండకముందే నొప్పులు వచ్చి, పుట్టిన బిడ్డ దక్కలేదు. సవతి బిడ్డలు నలుగురు, వారిలో ఒక ఆడపిల్లకు చూపు లేదు. ఆ స్థితిలో ఆమె అర్జీ పట్టుకొని లండను పోయింది. 1661 ఆగస్టులో న్యాయమూర్తులు బెడ్‌ఫర్డ్ వచ్చినప్పుడు మళ్ళీ మళ్ళీ వారి ఎదుట పడింది. మరునాడు ఒక న్యాయమూర్తి బండిలోకి అర్జీ విసిరితే, ఆయన కసిరాడు. మాథ్యూ హేల్ అనే న్యాయమూర్తి జాలిపడి చట్టంలో ఉన్న దారులు చెప్పాడు గాని, విడుదల చేయలేదు. నీ భర్త బోధ మానుతాడా అని అడిగితే, నోట మాట ఉన్నంతవరకు మానడని నిండు సభలో తెగేసి చెప్పింది. పేదవాడు గనుకనే ఆయనకు న్యాయం దొరకడం లేదని కూడా అన్నది.

ఇప్పుడు చెప్పండి. ఆ దంపతులలో విశ్వాసం ఎవరికి తక్కువ? లోపల నిలిచిన ఆయనకా, బయట తిరిగిన ఆమెకా?

బన్యన్ కూడా ఎడబాటును నవ్వుతూ మోశానని ఎక్కడా వ్రాసుకోలేదు. 1666లో అచ్చయిన ఆత్మకథలో, ఆలుబిడ్డల ఎడబాటు తన దేహాన్ని చీల్చినట్లుండేదనీ, చూపులేని బిడ్డను తలచుకొంటే గుండె పగిలేదనీ చెప్పుకొన్నాడు. ఉరి తప్పదేమోనని భయపడిన సంగతీ దాచలేదు. చెరసాలలో కూర్చొని, చివర లోహపు మొనలు బిగించిన నాడాలు అల్లి అమ్మించి ఇంటికి ఆసరా అయినాడు. ఏడుపు, భయం, చేతిపని, ప్రార్థన అన్నీ కలిస్తేనే ఆయన ఓర్పు.

ఇది పరదేశపు మాట అనుకొనేవారికి మన గడ్డ మీది మాటే చెబుతాను. బన్యన్ చెర వీడిన 1672లోనే గోల్కొండలో తానీషా సింహాసనం ఎక్కాడు. ఆ తానీషా చెరలో మన కంచెర్ల గోపన్న కూడా పన్నెండేళ్ళు మగ్గాడని ప్రతీతి. ఆయన కీర్తనలలో రామునికి చేసిన స్తోత్రమూ ఉంది, చేయించిన నగలకు లెక్క చెప్పమన్న నిలదీతా ఉంది. మూడు వందల ఏళ్ళకు పైగా పాడుకొంటున్న తెలుగువారెవరూ అది భక్తిలోపం అనలేదు. మతం వేరు కావచ్చు, చెర బాధ ఒక్కటే. మన దావీదు కీర్తనలలో మాత్రం "ఎన్నాళ్ళు ప్రభువా" అన్న మొర లేదా?

"మరి బన్యన్ ఓర్చుకొన్నాడు గదా, ఆమె ఓర్చుకొంటే తప్పేమి?" అని ఎవరైనా అడగవచ్చు. బన్యన్ ఓర్పు ఆయన ఎంచుకొన్నది. దాని వెల ఆయనకూ, ఆయన ఇల్లాలికీ తెలుసు. ఖైదీ ఓర్పు ఖైదీ సొత్తు. రాత్రికి ఇంటికి పోయి వేడి అన్నం తిని పడుకొనే మనం దానిని అతని తరఫున ఖర్చు పెట్టడానికి అధికారులం కాము. మన వంతుకు హెబ్రీ పత్రికలో వేరే ఆజ్ఞ ఉంది: బంధకాలలో ఉన్నవారితో కూడ మీరూ బంధింపబడినట్లే వారిని తలంచుకొనమని. అందులో ఉపన్యాసం ఇమ్మని లేదు.

2022 నాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం మన దేశపు జైళ్ళలో ఉన్నవారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, నేరం రుజువు కానివారే. వీరికి చట్టంలో దారులున్నాయి. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను, గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపిన తొలిసారి నిందితులకు బాండు మీద విడుదల పొందే వీలు కల్పించింది. మరణశిక్ష, యావజ్జీవం పడదగిన నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. ఈ సంగతి వేదిక మీద ఒక్కసారి చెబితే ఎన్ని ఇండ్లకు మేలు! అవిశ్వాసమని కసిరితే ఎవరికి మేలు?

ఆ అమ్మాయిని మొన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి తీసుకొని వెళ్ళాను. అర్జీ నేనే వ్రాశాను, ఆమె సంతకం చేసింది. బస్సులో వస్తూ, మాస్టారూ, ప్రార్థన చేసుకోవచ్చా అని అడిగింది. చేసుకొన్నాం. వచ్చే ములాఖత్తు నాడు పిల్లలిద్దరినీ మా ఇంట్లో ఉంచమని చెప్పాను.

ఆ కూటపు పెద్దలు ఇది చదివితే నా మీద కోపం రావచ్చు. వస్తే రానీయండి. వారు కూడా ఒక్క నెల ఆ పిల్లల బడి ఖర్చు భరించి, ఆ తరువాత ఓర్పును గురించి ప్రసంగిస్తే ముందు వరుసలో కూర్చొని వింటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు