ఆఫీసు పచ్చికకు వారబందీ లేదా?

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ - ఏ పట్టణం పొలిమేర చూసినా కొత్త వాణిజ్య భవనాలు లేస్తున్నాయి. షాపింగ్ కాంప్లెక్సులు, ప్రైవేటు ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్ళు, ఐటీ ఆఫీసులు. 2016 అక్టోబరులో పాత జిల్లాలను విడదీసి కొత్త జిల్లాలు చేసిన తరువాత ఈ జోరు మరింత పెరిగింది. కరీంనగర్‌లో మానేరు డ్యాం చెంతనే కట్టిన ఐటీ టవర్ 2020 జూలైలో ప్రారంభమయింది. భవనాలు వద్దని మేము అనడం లేదు. మన పిల్లలకు అక్కడ నౌకరీలు దొరికితే సంతోషమే.

అయితే ప్రతి పెద్ద భవనానికీ గోడల నక్షాతో పాటు మరో నక్షా వుంటుంది. లాండ్‌స్కేపింగ్ నక్షా అంటారు. ఎక్కడ పచ్చిక, ఎక్కడ చెట్లు, పైపులు ఎటు పోవాలి, నీళ్ళు ఎక్కడినుంచి రావాలి అనేది అందులో వుంటుంది. ఇంజనీరు దాన్ని సింగారం కింద చూస్తాడు. మునిసిపాలిటీ కాగితాల కట్టలో పెట్టి ముడి వేస్తుంది. మేము మాత్రం దాన్ని సాగునీటి పథకంగా చదవాలంటున్నాం. ఎందుకంటే పచ్చిక కూడా ఆయకట్టే. దానికీ తూము వుంది, తడి వుంది, కూలి వుంది. లేనిదల్లా అడిగేవాడే.

పది గుంటల లెక్క

లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్ళు నిలబడితే అది ఒక లీటరు. మన ఎండలకు పచ్చిక సగటున రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్ళు అడుగుతుంది. చలికాలంలో కొంత తక్కువ, మే నెలలో ఇంకా ఎక్కువ. పది గుంటల నేల అంటే సుమారు 1,000 చదరపు మీటర్లు. అంటే పది గుంటల పచ్చికకు రోజుకు 5,000 లీటర్లు, సరిగ్గా ఒక ట్యాంకరు.

మిషన్ భగీరథలో పల్లె మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క కట్టారు. ఆ ప్రకారం పది గుంటల గడ్డి 50 మంది నీళ్ళు తాగుతుంది. వానలు లేని ఎనిమిది నెలలకు ఇదే లెక్క వేస్తే ఎకరం పచ్చికకు 48 లక్షల లీటర్ల పైన అవుతుంది. యాసంగిలో ఎకరం వరి తాగేది కూడా ఇంచుమించు అంతే. వరి అన్ని నీళ్ళు తాగి పాతిక క్వింటాళ్ళ వడ్లు పెడుతుంది. పచ్చిక ఏం పెడుతుంది? కోసి పారబోసే గడ్డి. అది కూడా మందులు కొట్టిందయితే బర్రెకు వేయ పనికిరాదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పట్టణంలో పచ్చికలన్నీ ఎండగట్టినా కాకతీయ కాలువ చివరి భూములకు నీళ్ళు చేరవు. ఒక టి.ఎం.సి. అంటే 2,800 కోట్ల లీటర్లకు పైమాట. వెయ్యి ఎకరాల పచ్చిక ఆ ఎనిమిది నెలలూ తాగినా అందులో ఐదో వంతు కూడా కాదు. కాబట్టి కాలువ నీళ్ళ కరువుకు పచ్చికే కారణమని ఎవరైనా అంటే అది తప్పుడు మాట. పచ్చిక పోటీ పడేది కాలువతో కాదు. పక్క బస్తీ చేతిపంపుతో, గల్లీ నల్లాతో, అదే వీధిలోని బోరుతో. ఎండాకాలంలో, అదే నేల కింద, అదే నీటి కోసం. నష్టం అక్కడ జరుగుతుంది, దెబ్బ పేదవాడి బిందె మీద పడుతుంది.

డ్యాం ఎవరి కోసం కట్టారు?

శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూ పునాది వేశారు. కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు. 146వ కిలోమీటరు దగ్గర దిగువ మానేరు డ్యాం, 24 టి.ఎం.సి.లు. దాని కింద ఊళ్ళు మునిగాయి, భూములు మునిగాయి. అవన్నీ పొలాలకు నీళ్ళు వస్తాయని జనం ఇచ్చిన భూములు. కాలక్రమంలో పూడిక నిండి శ్రీరాంసాగర్ 112 టి.ఎం.సి.ల నుంచి 80 చిల్లరకు దిగింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఆ తరువాతి ఎండాకాలం, 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో కరీంనగర్ జిల్లాలో పొట్ట మీదున్న వరి ఎండిపోయింది. రైతులు ఎండిన మళ్ళలోకి పశువులను తోలుకున్నారు.

ఆ కాలువ కింద రైతుకు వారబందీ వుంది. ఇన్ని రోజులు నీళ్ళు, ఇన్ని రోజులు బందు. రాత్రి రెండు గంటలకు వంతు వస్తే రాత్రి రెండు గంటలకే పార పట్టుకొని కట్ట మీదికి పోవాలి. మా ఊళ్ళ చెరువుల కింద నీరటి వుండేవాడు. ఎవరి మడికి ఎంతసేపు తూము తెరవాలో అతనికి ఎరుకే. పెద్ద రైతు అయినా చిన్న రైతు అయినా వంతు వంతే అని కనీసం పేరుకైనా ఒక కట్టుబాటు వుండేది. మరి పట్టణంలో అద్దాల మేడ ముందరి పచ్చికకు వారబందీ ఏది? నీరటి ఎవడు? మోటరు ఎన్ని గంటలు తిరిగిందో రాసే వహీ ఎక్కడుంది?

వాన నీళ్ళు ఎటు పోతాయి?

లాండ్‌స్కేపింగ్ నక్షాలో మొదట చూడవలసింది పూల చెట్లను కాదు, నేల వాలును. భవనం లేవకముందు ఆ జాగాలో పడ్డ వాన కొంత ఇంకేది, కొంత కుంటలోకి పోయేది. ఇప్పుడు అంతటా సిమెంటు బిళ్ళలు పరుస్తారు. వాలు రోడ్డు వైపు పెడతారు. వాన దంచితే ఆ నీళ్ళన్నీ దిగువనున్న బస్తీలోకి, లేదా ఆ భవనం సెల్లారులోకే చేరతాయి. ఎగువన వున్నవాడు చేసిన వాలుకు దిగువనున్నవాడు ఇల్లు ఎత్తిపోసుకోవాలి.

1,000 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడితే 9 లక్షల లీటర్లు. ఆవిరి, వృథా పోగా 7 లక్షల లీటర్లు పట్టుకోవచ్చు. పది గుంటల పచ్చికకు ఏడాదికి 12 లక్షలు కావాలి. అంటే డాబా నీళ్ళన్నీ పట్టినా పచ్చికకు చాలవు. చెట్లు పెడితే చాలి, ఇంకా మిగులుతాయి. నక్షా గీసేటప్పుడే తేలిపోయే లెక్క ఇది.

ఇంకుడు గుంత తవ్వామని ఫోటో పెట్టినంత మాత్రాన సరిపోదు. కరీంనగర్ చల్క నేలల్లో గుంత నీళ్ళు గుంజుతుంది. ఆదిలాబాద్ నల్లరేగడిలో అదే గుంత తవ్వితే వారం రోజులు నిండి వుంటుంది, దోమలకు ఇల్లవుతుంది. అక్కడ రేగడి పొర దాటి కిందికి పోవాలి, లేదా ట్యాంకు కట్టి నిలువ చేయాలి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పత్తి రైతుకు ఇది చెప్పనక్కరలేదు. గోడకు ఆనించి పచ్చిక వేసి రోజూ తడిపితే పునాదికే ముప్పు. రెండు జిల్లాలకు ఒకే నక్షా తెచ్చి అతికిస్తే ఇటువంటి తిప్పలే వస్తాయి.

ఏ చెట్టు, ఎన్ని నీళ్ళు?

పది గుంటల్లో ఐదు మీటర్ల ఎడంతో 40 చెట్లు పడతాయి. వేప, కానుగ, నేరేడు, చింత, రేల. ఆదిలాబాద్ వైపు ఇప్ప, మద్ది. మొదటి రెండేళ్ళు చెట్టుకు వారానికి రెండు తడులు, తడికి 20 లీటర్లు. మొత్తం వారానికి 1,600 లీటర్లు. అదే జాగాలో పచ్చిక వారానికి 35,000 లీటర్లు తాగుతుంది. ముదురెండల్లో చెట్లకు రెట్టింపు పోసినా పచ్చికలో పదో వంతు దాటదు. మూడో ఏడు నుంచి చాలా చెట్లు తమ వేళ్ళ మీద తామే నిలబడతాయి. నీడ ఇస్తాయి, ఆ నీడన ఆటో డ్రైవరు నిలబడతాడు, తోపుడుబండి నిలబడుతుంది. పచ్చిక మీద మాత్రం నడవరాదని బోర్డు వుంటుంది.

డ్రిప్పు వేశామంటారు. మంచిదే. కానీ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే చుక్కల గొట్టాలు పూడుకుపోతాయి. ఫిల్టరు కడగాలి, పైపు చివర విప్పి మట్టి వదలాలి. అది చేసే మనిషి లేకపోతే ఆరు నెలల్లో డ్రిప్పు అటకెక్కి పైపుతో పారబెట్టడం మొదలవుతుంది. పచ్చిక మీద స్ప్రింక్లర్లను మిట్టమధ్యాహ్నం తిప్పితే చాలా నీళ్ళు గాలికే పోతాయి. వేకువన తిప్పాలి. నాలుగు రోజుల్లో పచ్చగా కనపడాలని కోనోకార్పస్ నాటడం మరో జాడ్యం. హరితహారంలోనూ విరివిగా నాటారు. దాని చెడుగు చూసి గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది.

తోట పని చేసేదెవరు?

నక్షాలో ఎక్కడా కనపడనిది మనిషి. వరి కోత యంత్రం వచ్చింది, నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. పనిదినాలు తగ్గిన మన వ్యవసాయ కూలీలు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పట్టణాల్లో తోట పనికి పోతున్నారు. నడుమ కాంట్రాక్టరు వుంటాడు. హాజరు పట్టీ వుండదు, పి.ఎఫ్. వుండదు, ఇ.ఎస్.ఐ. వుండదు. గడ్డి మందు కొట్టేటప్పుడు చేతికి తొడుగు వుండదు, మూతికి గుడ్డ కొంగే.

ఖర్చు పట్టీలో తెచ్చిన మొక్కకు వందలు, వేలు రాస్తారు. దాన్ని బతికించే చెయ్యికి ఏం రాశారు? సాధారణంగా ఏడాది నిర్వహణ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. బిల్లు చేతికందగానే కాంట్రాక్టరు మాయం, మొక్కలు మాయం. మళ్ళీ కొత్త మొక్కలు, మళ్ళీ కొత్త బిల్లు. మొక్క చస్తే లాభపడేవాడు వున్నంత కాలం మొక్క బతకదు.

చట్టం ఒకటే, చూపు రెండు

2002లో వచ్చిన వాల్టా చట్టం నీటికి, నేలకు, చెట్టుకు సంబంధించినది. బోరుకు అనుమతి, వాన నీటి నిలువ - రెండూ అందులో వున్నాయి. రైతు తాగునీటి బావికి దగ్గరలో బోరు వేస్తే ఈ చట్టం చప్పున గుర్తుకొస్తుంది. కాంప్లెక్సు వెనక రాత్రికి రాత్రి రెండు బోర్లు దిగితే అదే చట్టం నిద్రపోతుందేమి?

2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మునిసిపల్ చట్టం నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలన్నాయి. బడ్జెటులో పదో వంతు పచ్చదనానికి అన్నాయి. మొక్క ఎండితే సర్పంచిని నిలదీశారు. భవన యజమానిని ఎవరు నిలదీస్తారు? 2020లో చేసిన టీఎస్ బీపాస్ చట్టం పెద్ద భవనాల అనుమతికి 21 రోజుల గడువు పెట్టింది. గడువు మంచిదే, లంచాలు తగ్గుతాయంటే సంతోషమే. కానీ ఆ 21 రోజుల్లో నీళ్ళ నక్షాను చదివే మనిషి ఎవరు?

ఇది అసాధ్యమైన కోరిక కాదు. 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు బెంగుళూరు జల మండలి తాగునీటిని తోటలకు వాడరాదని ఆజ్ఞ పెట్టి 5,000 రూపాయల జరిమానా వేసింది. పెట్టుబడిదారీ అమెరికాలోనే నెవాడా రాష్ట్రం 2021లో చట్టం చేసి, లాస్ వేగాస్ ప్రాంతంలో ఆఫీసుల ముందర, రోడ్ల నడుమ వుండే అలంకారపు పచ్చికకు 2027 జనవరి నుంచి కొలరాడో నది నీళ్ళు పోయరాదన్నది. డబ్బుకు కొదవలేని చోట చేయగలిగింది, మానేరు ఎండితే గొంతెండే చోట ఎందుకు చేయలేరు?

మనం కోరవలసినవి

1. వాణిజ్య భవనం ప్రతి నక్షాకు నీళ్ళ పట్టీ జత చేయాలి. పచ్చిక ఎన్ని గుంటలు, చెట్లెన్ని, రోజుకు నీళ్ళెన్ని, అవి ఎక్కడివి అనేది తెలుగులో రాసి వార్డులో అంటించాలి.

2. అలంకారపు పచ్చికకు నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు బందు. శుద్ధి చేసిన మురుగునీరు, నిలువ చేసిన వాన నీరు వున్నంత మేరకే పచ్చిక.

3. బోరుకు మీటరు బిగించాలి. ఎండాకాలంలో పొలాలకు వారబందీ పెట్టిన నాటి నుంచి పచ్చికకూ వారబందీ పెట్టాలి.

4. భవనంలో పడ్డ వాన భవనం జాగాలోనే ఇంకాలి, లేదా నిలవాలి. ఇది కళ్ళతో చూసిన తరువాతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి.

5. నిర్వహణ ఒప్పందం మూడేళ్ళకు వుండాలి. మొక్కలు బతికిన లెక్కన బిల్లు ఇవ్వాలి. తోట కూలీలకు కనీస వేతనం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., తొడుగులు ఇవ్వాలని ఆ ఒప్పందంలోనే రాయాలి.

కాగితం మీద గీత గీస్తే అయిపోయిందని అనుకోరాదు. 2023 జనవరిలో జగిత్యాల మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలకు వేసిన రంగులు చూసి చుట్టుపక్కల రైతులు రోడ్డెక్కారు. మునిసిపల్ కౌన్సిలు తీర్మానం చేసి ఆ ముసాయిదాను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. రంగుల కాగితాన్ని రైతులు వేళకు చదివారు కాబట్టి అది సాధ్యమైంది. భవనం లేచి, పచ్చిక పరిచి, బోరు దిగిన తరువాత అడిగితే ఎవరూ వినరు. గుంట, తడి, వంతు, వాలు - ఈ లెక్కలు మన రైతు కూలీలకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యతో పట్టణ నక్షాలను చదవడం మొదలుపెట్టాలి. వార్డు కమిటీల్లో, మునిసిపల్ ఆఫీసుల్లో ఆ కాగితం చూపించమని మన సంఘాలు ఇవాళే అడగాలి.