దొంగ చచ్చిపోయే కథ పిల్లలకు చెప్పొచ్చా?

కథల్లోంచి చావునీ, రాక్షసినీ, సవతితల్లినీ ఏరేసి పిల్లలకు పెట్టాలన్న పట్టింపు మా రాయ్‌పూర్ తెలుగిళ్లలోకీ వచ్చేసింది. మా పక్కింటావిడ కొన్న కొత్త బొమ్మల పుస్తకంలో తోడేలు అమ్మమ్మను మింగదు. తప్పయిందని చెప్పి అడవిలోకి వెళ్లిపోతుంది. వింటున్న ఆవిడ మనవడు "మరి దానికి ఆకలెయ్యదా?" అన్నాడు. నేను వాడి పక్షం.

రాయ్‌పూర్‌లో ఉండి ఇలా భయపడడం మరీ విడ్డూరం. నాటకకర్త హబీబ్ తన్వీర్ 1923లో పుట్టింది ఇక్కడే. ఆయన 'చరణ్‌దాస్ చోర్' నాటకానికి మూలం విజయ్‌దాన్ దేథా రాసిన రాజస్థానీ జానపద కథ. బంగారు పళ్లెంలో తిననని, ఏనుగెక్కి ఊరేగనని, రాణిని పెళ్లాడనని, రాజ్యమిచ్చినా ఏలనని ఓ దొంగ గురువు దగ్గర వేళాకోళంగా ఒట్లు పెట్టుకుంటాడు. దొంగకు అవన్నీ ఎవరిస్తారు గనక! అబద్ధం ఆడకూడదని గురువు ఇంకోటి కలుపుతాడు. చివరకు రాణే పెళ్లాడమంటుంది. కాదంటాడు. పోనీ, ఆ సంగతైనా బయట చెప్పకంటే దానికీ ఒప్పుకోడు. చంపించేస్తుంది. 1975లో శ్యామ్ బెనెగళ్ ఈ కథను చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ కోసం, అంటే పిల్లల కోసమే, సినిమాగా తీశారు. తన్వీర్ నాటకానికి 1982లో ఎడిన్‌బరోలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి ఇచ్చింది పెద్దవాళ్లు.

కత్తిరింపులు కొత్త కావు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చేసిన తొలి కూర్పులో స్నోవైట్‌ను చంపించాలని చూసేది కన్నతల్లే. 1819కల్లా ఆవిడ సవతితల్లి అయిపోయింది. పాపం సవతితల్లులు!

మా ఇళ్లలో అసలు చిక్కు వేరే ఉంది. రైల్వే ఉద్యోగాలకని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మావి. మనవల తరం హిందీలో ఆడుకుంటుంది, ఇంగ్లీషులో చదువుకుంటుంది. తెలుగు వింటే అర్థమవుతుంది గానీ అక్షరం రాదు. అలాంటి పిల్లల చేతిలో తెలుగు పుస్తకం పెట్టి చదవమంటే ఏం లాభం? మనమే చదివి వినిపించాలి. నేను పాత 'చందమామ' బైండు తీస్తాను. బేతాళుడు ప్రశ్న వేసిన చోట టక్కున మూసేస్తాను. మనవరాలు హిందీలో ఏదో జవాబు చెబుతుంది. మా అబ్బాయి ఫోను పక్కన పెట్టి కాదంటాడు. కోడలు ఇద్దరిదీ తప్పంటుంది. అన్నాలు చల్లారిపోతాయి. విక్రమార్కుడి జవాబు ఎవరికీ నచ్చని రోజులూ ఉన్నాయి.

కథకు ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి. ఛత్తీస్‌గఢ్‌వాళ్లకూ ఇది తెలుసు. ఇక్కడి గాయని తీజన్ బాయి తంబూరా పట్టుకుని పండవానీ, అంటే పాండవుల కథ, చెబుతుంటే పక్కనున్న వంతగాడు, రాగీ, ఊఁ కొడుతూ, మధ్యమధ్య ప్రశ్నలు వేస్తూ కథను నడిపించేవాడు. మా ఇంట్లో ఊఁ ఆగిందంటే పిల్ల నిద్రపోయిందన్నమాట, నేనూ ఆపేస్తాను. ఫోనులో వాగే కథకు ఆ సంగతి తెలియదు.

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు ఒక మనవి. ఉగాదికి ఎలాగూ ఉపన్యాసాలుంటాయి, సన్మానాలుంటాయి. వాటిలో ఓ గంట తగ్గించి కథ చదివించండి. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి, పెద్దల్ని బయటికి పంపకండి. రాక్షసిని రాక్షసిలాగే ఉండనివ్వండి. అయ్యాక మాత్రం దయచేసి నీతి ఏమిటని ఎవర్నీ అడగకండి.