కుంకుళ్ళూ, కళ్ళ మంటా

యీ యేడు భోగినాడు నేను మా మనమరాలి చేత చీవాట్లు తిన్నాను. దానికి తొమ్మిదేళ్ళు. తప్పు నాదే గనక మీతో చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

పండక్కి హైదరాబాదులో మా అబ్బాయి యింటికి వెడుతూ, తెనాలి నుంచి సంచీలో కిలో కుంకుడుకాయలు వేసుకెళ్ళాను. ‘‘పండగపూటైనా పిల్లకి ఆ సీసాలో నురగ కాకుండా కుంకుళ్ళతో తలంటుతాను’’ అన్నాను. ‘‘దానికి అలవాటు లేదేమో, అత్తయ్యా’’ అని కోడలు నసిగింది. ‘‘అలవాటుదేముందమ్మా! ప్రకృతిసిద్ధమైనది. పసిపిల్లలక్కూడా పోసేవాళ్ళం’’ అని నోరు మూయించాను.

తెల్లవారగట్ల చలి. పైగా హడావుడి. కాయలు చితక్కొట్టి వేణ్ణీళ్ళలో పిసికానే గాని వడగట్టలేదు. రసం చిక్కగా ఉండాలన్న పేరాశ ఒకటి. రెండో చెంబుకల్లా పిల్ల కెవ్వుమంది. గబగబా చల్లనీళ్ళతో కళ్ళు కడిగి, మా అమ్మ నాకు చేసినట్టే నాలిక మీద నాలుగు ఉప్పురవ్వలు వేశాను. ఏడుపు తగ్గాక, ఎర్రటి కళ్ళతో నా వంక చూసి, ‘‘న్యాచురల్ అన్నావుగా, నాయనమ్మా! మరి మండిందేం?’’ అంది.

కోడలు ఒక్క మాట అనలేదు. పిల్లకి తువ్వాలు చుట్టి లోపలికి తీసుకుపోయింది. ఏదో ఒకటి అంటేనే నయంగా ఉండేది.

ఆ ప్రశ్నకి జవాబు నాకు వెంటనే దొరకలేదు. తరవాత దొరికింది. మీ యిళ్ళలోనూ యిలాంటి ప్రశ్నలు వేసే పిల్లలుంటారు గనక చెబుతున్నాను.

కుంకుడుకాయ తొక్కలో సపోనిన్లనే పదార్థాలున్నాయి. చెట్టు వాటిని మన జడల కోసం తయారుచేసుకోలేదు. పురుగూ, బూజూ తన జోలికి రాకుండా ఉండాలని తయారుచేసుకుంది. ఆ చేదూ, ఆ మంటా అందుకే! సపోనిన్లుండే మొక్కల రసం నీళ్ళలో కలిపి, మత్తెక్కిన చేపలని పట్టుకునే ఆచారం చాలా దేశాల్లో ఉండేదట. ప్రకృతి యిచ్చిందల్లా మనకి మంచే చేస్తుందనుకోవడం మన అమాయకత్వం. ఉమ్మెత్తకాయ కూడా ప్రకృతి యిచ్చిందే కదూ!

అయితే ఆ సపోనిన్లకే యింకో గుణం ఉంది. వాటికి ఒక కొస నీటితో స్నేహం, రెండో కొస జిడ్డుతో స్నేహం. మధ్యవర్తిలా నిలబడి, తలకంటిన నూనెనీ మట్టినీ నీళ్ళకి అప్పగిస్తాయి. సబ్బు చేసే పనీ అదే. కాని మన ఊళ్ళలో చాలా బావులవి ఉప్పునీళ్ళు. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న ఆ నీళ్ళలో సబ్బు నురగరాదు సరిగదా, తెట్టుకట్టి జుట్టుకి పట్టుకుంటుంది. కుంకుళ్ళకి ఆ బెడద లేదు. మన పెద్దవాళ్ళు రసాయనశాస్త్రం చదవకపోయినా యీ తేడా కనిపెట్టారు. పట్టుచీరలకీ, నగలకీ కూడా కుంకుడునీళ్ళే వాడారు.

ఆ ప్రసిద్ధి ఎంత దూరం పోయిందో చూడండి. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త యీ చెట్ల ప్రజాతిని ‘సపిండస్’ అన్న పేరుతో నమోదు చేశాడు. లాటిన్‌లో ‘ఇండియా సబ్బు’ అన్న మాటలు కలిపితే వచ్చిన పేరది.

షాంపూ అన్న మాట సంగతి యింకా విచిత్రం. అది ఇంగ్లీషు మాటనుకుంటున్నారా? కాదు. ఒత్తడం, మర్దన చేయడం అనే అర్థమున్న హిందీ మాట నుంచి వెళ్ళింది. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండు చేరి, 1810లలో సముద్రపుటొడ్డున బ్రైటన్‌లో ఆవిరిస్నానాలూ, ఒంటి మర్దనా చేసే స్నానశాల పెట్టాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులిద్దరికీ ఆయన ఆస్థాన ‘షాంపూయింగ్ సర్జన్’! అంటే ఒళ్ళుపట్టే వైద్యుడన్నమాట. ఆ మాటకి తల రుద్దుకోవడం అనే అర్థం తరవాత్తరవాత వచ్చింది. చివరికి సీసాలో ఉన్న ద్రవానికే పేరై కూర్చుంది. మాట మన దగ్గర నుంచి వెళ్ళినప్పుడు అందులో ఒక మనిషి చెయ్యి ఉండేది. తిరిగొచ్చేసరికి చెయ్యి పోయి, సీసా మిగిలింది.

యీ సంగతి తట్టినప్పుడు నాకు మా పెరడు గుర్తొచ్చింది. 1960లలో ఆదివారం వస్తే, గంగాళంలో నీళ్ళు కాగుతుండేవి. అమ్మ మమ్మల్ని వరసగా పీటమీద కూర్చోబెట్టి, మాడున నూనె పెట్టి తట్టేది. కుంకుడు గింజలు ఏరుకుని మేం ఆడుకునేవాళ్ళం. రసం పోసేముందు అమ్మ ఎడమచెయ్యి మా నుదుటి మీద అడ్డంగా, గట్టు కట్టినట్టు ఆనేది. ఒక్క చుక్క కిందికి జారేది కాదు. ఎప్పుడైనా జారితే ఉప్పురవ్వ. ఉప్పు కంటికి మందు కాదు, నోరు ఉప్పగా ఉంటే ఏడుపు మరుపుకొస్తుంది, అంతే. చివర్న సాంబ్రాణి పొగ, ఆపైన వేడి అన్నం, కంటినిండా నిద్ర.

భోగినాడు నేను మరిచిపోయింది ఆ ఎడమచెయ్యి.

కుంకుళ్ళ గురించి గొప్పలు పోయేవాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. వాటితో జుట్టు పెరుగుతుందంటారు. పెరగదు. అవి తలని శుభ్రం చేస్తాయి, అంతే. ఏం రాసినా జుట్టు పెరిగేది నెలకి సుమారు ఒక సెంటీమీటరు. రెండోది, ప్యాకెట్టు మీద కుంకుడుకాయ బొమ్మ చూసి మురిసిపోకండి. వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. సోడియం లారెత్ సల్ఫేట్ అని ఉంటే నురగ వచ్చేది బొమ్మలో కాయ నుంచి కాదు. అలాగని అది పాపమూ కాదు. ఆఫీసుకి పరుగెత్తే పిల్లలు షాంపూ వాడుకుంటే తప్పుపట్టే హక్కు మనకి లేదు.

తీరిక ఉన్నరోజున చేసుకునే పద్ధతి చెబుతాను. ఓ మోస్తరు జడకి పది పన్నెండు కాయలు చాలు. చితక్కొట్టి గింజలు తీసెయ్యండి. తొక్కలు వేణ్ణీళ్ళలో అరగంట నాననిచ్చి బాగా పిసకండి. పలచని గుడ్డలో రెండుసార్లు వడగట్టండి. యీ మాట మరిచిపోకండి! కాసిని మందారాకులు కలిపితే చిక్కు తీసుకోవడం సులువు. మిగిలిన రసం దాచకండి, పాడవుతుంది. కంట్లో పడితే మంచినీళ్ళతో కడగండి. ఎరుపు తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

యీ పద్ధతంతా కనుమ వెళ్ళిన ఆదివారం నా తల మీదే ప్రయోగం చేసుకుంటున్నాను. చిట్టి దూరంగా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ‘‘మండటంలేదా, నాయనమ్మా?’’ అంది. లేదన్నాను. నమ్మలేదు. రానూ లేదు. నేను బలవంతం చెయ్యలేదు.

నేను తల తుడుచుకుంటూ ఉంటే కోడలు వచ్చింది. చేతిలో నూనె గిన్నె.

‘‘రసం మిగిలిందా, అత్తయ్యా?’’ అంది.

‘‘ఉందమ్మా. చిట్టికా?’’

‘‘కాదు, నాకు’’ అంది. కాసేపాగి, ‘‘అమ్మ పోయాక నాకెవరూ తలంటలేదు’’ అంది.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. నాకు యీ ఆలోచన ఒక్కసారైనా రాలేదు. పీట వేసి కూర్చోమన్నాను. మాడున నూనె పెట్టి, తీరిగ్గా మర్దన చేశాను. రసం పోసేముందు నా ఎడమచెయ్యి తనంతట తనే వెళ్ళి ఆ నుదుటి మీద ఆనింది.

చిట్టి గుమ్మం దిగి, రెండడుగులు దగ్గిరికి వచ్చింది.