పెద్దమ్మ రొట్టెకి రేటెంత?

పోయిన నెల మా టీం అవుటింగ్ మొయినాబాద్ దగ్గర ఒక రిసార్టులో పెట్టారు. తలకి రెండు వేల పైచిలుకు. బఫేలో ఏమున్నాయో మీకు చెప్పక్కర్లేదు: పనీర్ టిక్కా, నూడుల్స్, బిర్యానీ, గులాబ్ జామూన్. అన్నీ రోజూ మా ఆఫీసు ఫుడ్ కోర్టులో దొరికేవే. వాటి కోసం చేవెళ్ళ రోడ్డు మీద ట్రాఫిక్కులో గంటన్నర కూర్చున్నాం :)

నాకైతే నవ్వు కంటే సిగ్గు ఎక్కువేసింది. ఎందుకంటే అక్కడికి దగ్గర్లోనే, కనకమామిడిలో మా పెద్దమ్మా పెద్దనాన్నా ఉంటారు. రెండెకరాల్లో క్యారెట్, టమాటా వేస్తారు. ఆ క్యారెట్ సిటీకెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ ఇదే రోడ్డున రిసార్టు వంటింటికి వచ్చినా ఆశ్చర్యం లేదు.

తర్వాతి ఆదివారం నలుగురు కొలీగ్స్‌ని వాళ్ళింటికి తీసుకెళ్ళాను. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, నాటుకోడి కూర. ఒక్కొక్కడు నాలుగేసి రొట్టెలు లాగించాడు. పెద్దమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి రెండు గంటలు లేవలేదు. వచ్చేటప్పుడు మావాడొకడు రెండు వేలు చేతిలో పెట్టబోతే ఆవిడకి కోపం వచ్చింది. "బువ్వ పెట్టి పైసల్ తీసుకుంటరా బిడ్డా?" అని, పైపెచ్చు తలా సంచెడు క్యారెట్లు ఇచ్చి పంపింది.

కార్లో అందరూ ఒకటే పొగడ్తలు. ఆ రాత్రి పెద్దనాన్న ఫోన్ చేసి, ఎకరం అమ్మేద్దామనుకుంటున్నానని చెప్పాడు. రెండేళ్ళుగా అదే మాట.

ఆ ప్రాంతం సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ళు పాడవకూడదని 1996లో జీవో 111 తెచ్చారు. చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల దాకా, 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలు. ఆ ఊళ్ళలో కొన్ని మొయినాబాద్ చుట్టుపక్కలవే. సిటీకి ఇంత దగ్గర్లో ఇంకా పొలాలు కనబడుతున్నాయంటే దాని పుణ్యం కూడా ఉంది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలించేందుకు సిద్ధపడ్డ దగ్గర్నుంచి ఊళ్ళో మాటంతా గజాల లెక్కే. రైతుని తప్పు పట్టలేం. పంట మీద వచ్చేదెంత, ప్లాటు మీద వచ్చేదెంత?

ఫుడ్ టూరిజం అనగానే మనకి ఇటలీ ద్రాక్షతోటలు గుర్తొస్తాయి. అంత దూరం ఎందుకు, నిజామాబాద్ జిల్లా అంకాపూర్ చూడండి. ఆర్మూర్ దగ్గర ఒక ఊరు. కోడి చెబితే నాటు పద్ధతిలో వండి, అన్నంతో సహా ఇస్తారు. దానికోసమే కార్లేసుకుని వెళ్ళేవాళ్ళున్నారు. అక్కడ ఎవరో ఒకరు మొహమాటం వదిలి ఇంటి వంటకి రేటు కట్టారు. అదే అసలు మెట్టు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ అంకాపూర్ చికెన్ బోర్డులు కనబడతాయి కానీ, ఇక్కడ తింటే అంకాపూర్‌కి పైసా పోదు. నీరా సంగతీ అంతే. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు, మంచిదే. కానీ అది చెట్టుని సిటీకి తెచ్చే పని. జనాన్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్ళే పని ఇంకా మిగిలే ఉంది.

"బాగుంది, స్కేల్ అవుతుందా?" అని మావాడు అడిగాడు. అవ్వదు. అవ్వకూడదు కూడా. ఈత చెట్టు ఇచ్చేది ఇచ్చినంతే. గిరాకీ చెట్టుని మించిపోతే కుండలోకి మందు వస్తుంది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ఎంతమంది పోయారో చూశాం. ఉన్న చెట్లకి, ఉన్న కోళ్ళకి సరిపడా మందికే పెట్టాలి. అయిపోతే "అయిపోయింది" అని బోర్డు పెట్టాలి.

నా మటుకు నాకు తోచింది ఇది. ఆదివారం ఒక్కపూట, మహిళా సంఘం వాళ్ళు నలుగురైదుగురు కలిసి వండాలి. శుక్రవారానికల్లా ఫోన్లో చెప్పుకోవాలి. ఆ వారం చేలో ఏముంటే అదే మెనూ. ధర గోడ మీద రాసుండాలి, అప్పుడు పెద్దమ్మకి అడగాల్సిన ఇబ్బంది ఉండదు, మనకి బేరమాడే అవకాశం ఉండదు. గౌడన్న నీరా దించితే ఆ డబ్బు నేరుగా ఆయన చేతికే.

దీంతో ఎకరం రేటుకి పోటీ వస్తుందా? రాదు, లెక్కలు వచ్చినవాణ్ణే కదా. కానీ నెలనెలా చేతిలో నాలుగు డబ్బులుంటే "ఇంకో ఏడాది ఆగుదాం" అనడానికి పెద్దనాన్నకి ఒక కారణం దొరుకుతుంది.

మొన్న పెద్దమ్మకి మళ్ళీ చెప్పి చూశాను. "మీ దోస్తుల దగ్గర ఎట్ల తీసుకోవాలె?" అంది. దోస్తులు కానివాళ్ళ దగ్గరైతే? కాసేపు మాట్లాడలేదు. "ఎంత తీసుకోవాలె మరి?" అని అడిగింది.

నూట యాభై అన్నాను. ఫోన్ పెట్టేశాక రిసార్టు బిల్లు గుర్తొచ్చింది. రెండు గంటలు పొగలో కూర్చున్న మనిషికి, సొంత పెద్దమ్మకి, నేను కట్టిన రేటు అది. మీరైతే ఎంత చెప్పేవారు?