సాగనంపిన దారులు

1937 నుంచి 1939 దాకా ఐర్లండ్ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద పిల్లలకు ఒక ఇంటిపని ఇచ్చారు. ఊళ్లో ముసలివాళ్ల దగ్గర కూచుని, వాళ్లు చెప్పింది రాసుకు రావాలి. ఇచ్చిన అంశాల్లో 'పాత దారులు' ఒకటి. ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ తలపెట్టిన ఈ పనికి దాదాపు 5,000 బడులు నోటుపుస్తకాలు నింపి పంపాయి. దారి గురించి పిల్లల్ని అడగాలని తోచినవారికి దండం పెట్టాలి. ఫలానా దారి ఎక్కడికి పోతుందో పటం చెబుతుంది. ఎవరెవరు ఏ మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగారో ఊరే చెప్పాలి.

డొనెగాల్ కౌంటీలో మకిష్ కొండ దగ్గర ఒక చిన్న రాతి వంతెన ఉంది. దాని పేరు కన్నీటి వంతెన. ఓడ ఎక్కడానికి డెర్రీ రేవుకు నడిచి వెళ్లేవారిని అయినవాళ్లు అక్కడిదాకా సాగనంపి ఆగిపోయేవారు. వలస వెళ్లేవారి ఇళ్లలో ముందు రాత్రి పెళ్లి సందడీ చావింటి ఏడుపూ కలగలిసినట్టుండేది. ఇరుగుపొరుగు చేరి ఫిడేలుకు చిందులేసేవారు. తెల్లవారేసరికి, శవం దగ్గర పెట్టాల్సిన శోకాలు నిక్షేపంలా ఉన్న పిల్ల ముందు పెట్టేవారు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చేది అరుదు మరి. అక్క అమెరికా నుంచి టికెట్టు పంపితే చెల్లెలు బయల్దేరేది. వంతెన దాకా మళ్లీ అదే నడక, అదే తల్లి.

ఇంకోరకం దారులున్నాయి. 1845లో బంగాళదుంపకు తెగులు సోకాక, ఊరికే తిండి పెట్టకూడదన్న బ్రిటిష్ సర్కారు రోడ్డు పని పెట్టింది. 1847 మార్చి నాటికి ఏడు లక్షల మందికి పైగా ఆ కూలికి చేరారు. ఆడవాళ్లూ పిల్లలూ కంకర కొట్టారు. ఆ కూలి పెరిగిన ధాన్యం ధరకు చాలేది కాదు. కొన్ని రోడ్లు బురదనేలల్లో అర్ధంతరంగా ఆగి, నేటికీ అలాగే ఉన్నాయి. (కరువు పని మనకూ తెలుసు. మద్రాసులో బకింగ్‌హామ్ కాలువ ముక్క 1877-78లో అలా తవ్వించిందే, సర్కారూ అదే.) ఐర్లండ్‌లో 1841లో 80 లక్షలు దాటిన జనాభా పదేళ్లకు 65 లక్షలకు పడిపోయింది. పోయినవారు పది లక్షలు. ఓడ ఎక్కినవారూ అంతకు తక్కువేం కాదు.

బడిపిల్లలు నింపిన ఆ నోటుపుస్తకాల్లో ఒక లోటుంది. ఐర్లండ్ రెండయ్యాక డొనెగాల్ ఇటు స్వతంత్ర భాగంలో, డెర్రీ అటు బ్రిటన్ కింది భాగంలో పడ్డాయి. కమిషన్ ఇంటిపని ఇటు బడులకే. సాగనంపినవారి ఊళ్లు రాశాయి; వెళ్లినవాళ్లు చేరిన రేవులో ఏ పిల్లవాడినీ ఎవరూ అడగలేదు.