పరీక్ష వ్రాసినవారు, పరీక్ష చేసేవారు

'పరీక్ష' అనే మాట మన భాషలో చాలా బరువు మోస్తున్నది. బడిలో పిల్లవాడు వ్రాసేదీ పరీక్షే, ఆసుపత్రిలో రక్తం తీసి చేసేదీ పరీక్షే. 'పరి' అనే ఉపసర్గకు 'ఈక్ష' చేరి, సవర్ణదీర్ఘ సంధి జరిగి ఏర్పడిన ఈ పదానికి నలువైపుల నుంచీ చూడటమని అర్థం. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా మొదటి రకం పరీక్షలు పెట్టి, జవాబు పత్రాలు దిద్ది, ఇప్పుడు మధుమేహం పుణ్యమా అని రెండో రకం పరీక్షకు మూడు నెలలకొకసారి చేయి చాపుతున్నవాణ్ణి. కనుక ఈ రెంటికీ నడుమనున్న దారిని గురించి నాలుగు మాటలు వ్రాసే అధికారం నాకు కొంత ఉన్నదనుకుంటాను. మొదటి రకం పరీక్షలో నెగ్గినవారు రెండో రకం పరీక్ష చేయడానికి ఎప్పుడు అర్హులవుతారు?

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజులలో మా దాచేపల్లిలో నా ఇంటి అరుగు మీద తల్లిదండ్రులు కూర్చుని ఉంటారు. "మాస్టారూ, అమ్మాయిని ల్యాబు కోర్సులో వేద్దామనుకుంటున్నామండీ. రెండేళ్ళలో ఉద్యోగమంట గదా" అంటారు. పత్తికి పెట్టిన పెట్టుబడి రాక, మిరపకు పట్టిన తెగులు వదలక, పొలం మీద ఆశ సన్నగిల్లిన రైతు తన బిడ్డకు నీడపట్టున చేసే పని దొరకాలని కోరుకోవడంలో తప్పేమున్నది? వారికి కనిపించే దారులు మూడు. పదవ తరగతి కాగానే ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో ఎం.ఎల్.టి. ఒకటి. ఇంటర్ అయిన తరువాత పారామెడికల్ బోర్డు పరిధిలో రెండేళ్ళ డి.ఎం.ఎల్.టి. మరొకటి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. మూడవది. దేనికి ఎంత రుసుమో, ఏ కళాశాల బస్సు మన ఊరి దాకా వస్తుందో వారికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. శిక్షణ ఏ ఆసుపత్రిలో ఇస్తారని మాత్రం ఎవరూ అడిగి ఉండరు.

అసలు అడగవలసినది అదే. వృత్తివిద్యలో ఇంటర్ చదివినవారు సర్కారు ల్యాబ్ టెక్నీషియన్ కొలువుకు దరఖాస్తు పెట్టాలంటే ప్రభుత్వాసుపత్రిలో ఏడాదిపాటు శిక్షణ పొంది ఉండాలనీ, పారామెడికల్ బోర్డులో నమోదై ఉండాలనీ ఉద్యోగ ప్రకటనలలో ఒక పంక్తి ఉంటుంది. చాలామంది ఆ పంక్తిని ఒక ఆటంకంగా చూస్తారు. నా దృష్టిలో చదువంతా ఆ పంక్తిలోనే ఉన్నది. విద్యార్థి వృత్తివేత్తగా మారేది ఆ ఏడాదిలోనే. పట్టా దాని తరువాత వచ్చే రసీదు వంటిది. దురదృష్టమేమంటే రసీదు చేతికి వస్తున్నది గాని, సరుకు ముట్టిందో లేదో చూసేవారు తక్కువ. నా పాత విద్యార్థిని ఒకతె, ఏ కళాశాలో చెప్పను, తన శిక్షణ పుస్తకాన్ని నాకు చూపించింది. పన్నెండు నెలల సంతకాలూ ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒకే పూట పెట్టినట్లున్నాయి. ఇన్నేళ్ళు రికార్డు పుస్తకాలు చూసిన కన్నుకు ఆ మాత్రం తెలియకపోదు. "ఆసుపత్రికి ఎన్నాళ్ళు వెళ్ళావమ్మా?" అంటే తల వంచుకున్నది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆమె అడిగిందట, పంపలేదట.

ఆ ఏడాదిలో నేర్చుకునేదేమిటో నేను ఆసక్తి కొద్దీ తెలిసినవారిని అడిగి, పుస్తకాలు తిరగేసి కొంత తెలుసుకున్నాను. యంత్రం చేసే లెక్క కన్నా, రక్తం యంత్రం దాకా చేరే లోపల జరిగేదే కష్టమట. ప్రయోగశాల పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే పుడతాయట. రక్తాన్ని సూదిలోంచి గొట్టంలోకి వేగంగా చిమ్మితే ఎర్రకణాలు పగిలి, వాటి లోపలి పొటాషియం బయటికి వస్తుంది. అప్పుడు రోగికి లేని పొటాషియం నివేదికలో ఉంటుంది, దాన్ని తగ్గించడానికి మందూ మొదలవుతుంది. ఊదారంగు మూత గొట్టంలో ఈడీటీఏ ఉంటుంది. అందులో పోసిన రక్తాన్ని పొరపాటున మరో గొట్టంలోకి ఒంపితే పొటాషియం పెరిగినట్లు, కాల్షియం పడిపోయినట్లు చూపుతుంది. చక్కెర పరీక్షకు తీసిన రక్తాన్ని మామూలు గొట్టంలో ఉంచేస్తే కణాలు ఆ చక్కెరను తింటూనే ఉంటాయి. గంట గంటకూ అంకె పడిపోతుంది, ఎండ వేడిమికి మరింత త్వరగా. అందుకే బూడిదరంగు మూత గొట్టంలో ఫ్లోరైడు వేస్తారు. మన పల్నాటి మే నెల ఎండలో, దాచేపల్లిలో తీసిన రక్తం మోటారు సైకిలు మీద పెట్టెలో ఊగుతూ పోవడాన్ని ఒకసారి ఊహించండి.

ఇక మాట సంగతి. 'ఫాస్టింగ్' అని చీటీ మీద వ్రాసి ఇస్తారు. రైతు పొద్దున్నే లేచి టీ తాగి వస్తాడు. అడిగితే "ఏమీ తినలేదండీ" అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు, ఆయన లెక్కలో టీ తిండి కాదు. 'పరగడుపున' అనే చక్కని మాట మనకున్నది. "పరగడుపున రండి, టీ కూడా తాగవద్దు, మంచినీళ్ళు తాగవచ్చు" అని చెప్పడం ఏ పాఠ్యగ్రంథంలోనూ మార్కులు తెచ్చేది కాకపోవచ్చు. పది మంది రోగుల ఎదుట నిలబడినవారికి మాత్రం అది తొలి వారంలోనే వచ్చేస్తుంది. ఇది చెప్పడం కొంత తెలుగు పండితుడి స్వార్థమేనని ఒప్పుకుంటాను.

క్షయ పరీక్షను చూడండి. తెమడను గాజుపలక మీద పలుచగా పూసి, కార్బల్ ఫుక్సిన్ పోసి, ఆవిరి లేచేదాకా కింద వేడి చేయాలి, మరగనీయకూడదు. ఆపైన ఆమ్లంతో కడిగి, నీలిరంగు వేసి, సూక్ష్మదర్శినిలో వెదకాలి. 'క్రిములు లేవు' అని వ్రాయాలంటే కనీసం నూరు క్షేత్రాలు చూడాలని నియమం. ఇరవై చూసి 'లేవు' అని వ్రాసినా ఆ గదిలో పట్టుకునేవారెవరూ ఉండరు. తిరిగి పరిశీలించడానికి పలకలను పైకి పంపే పద్ధతి ఉన్నది గాని, అన్ని పలకలూ వెళ్ళవు. దగ్గుతున్న మనిషి ఆ కాగితం పట్టుకుని ఇంటికి పోయి, మనుమణ్ణి పక్కలో వేసుకుని పడుకుంటాడు. ఇప్పుడు ట్రూనాట్ వంటి యంత్రాలు వచ్చి ఈ శ్రమను చాలా మేరకు తగ్గించాయి, సంతోషమే. అయినా ఆ నూరవ క్షేత్రం దాకా కన్ను ఆనించి ఉంచే ఓపిక ఒక పెద్ద టెక్నీషియన్ పక్కన నెలల తరబడి కూర్చుంటే తప్ప అలవడదని నా నమ్మకం.

ఈ మాట అన్నప్పుడల్లా మిత్రులొకరు యల్లాప్రగడ సుబ్బారావుగారిని నా మీదికి తెస్తారు. భీమవరంలో 1895లో పుట్టిన ఆ మహానుభావుడు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. రాక తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అమెరికా చేరి, ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే విధానాన్ని ప్రకటించారు. ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, క్షయకరణం చేసి, వచ్చిన నీలిరంగు గాఢతను బట్టి ఎంత ఉన్నదో చెప్పే ఆ పద్ధతి వారిద్దరి పేర్లతోనే ప్రయోగశాల గ్రంథాలకెక్కింది. "చూశారా, కాగితంలో ఏమున్నది?" అంటారు మా మిత్రులు. నిజమే, ఆయన విషయంలో కాగితం అబద్ధమాడింది. అయితే ఆయన ప్రసిద్ధి దేని మీద నిలిచింది? ఎవరు ఎక్కడ చేసినా అదే ఫలితం రావలసిన ఒక కొలత మీద. తెలిసిన ప్రామాణిక ద్రావణం ఒకటి పక్కన పెట్టుకుని, తెలియనిదాన్ని దానితో పోల్చి చూడటమే ఆ పద్ధతికి ప్రాణం. 'ప్రమాణం' అంటే మనకు కొలత, సాక్ష్యం, ఒట్టు కూడా. ప్రమాణపత్రం ఇచ్చేవారు ఈ మూడర్థాలనూ గుర్తుంచుకుంటే సుబ్బారావుగారి పేరు చెప్పి తప్పించుకునే అవసరం ఎవరికీ రాదు.

మా ప్రాంతపు మిరపకు ఈ విషయంలో మనిషి కన్నా ఎక్కువ మర్యాద దక్కుతున్నది. కల్లంలో ఆరబోసిన కాయ తడిస్తే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. ఎరుపు కోసం సూడాన్ రంగు కలిపే దుర్మార్గులూ ఉన్నారు. అందుకని విదేశాలకు వెళ్ళే మిరపను పరీక్షించడానికి సుగంధ ద్రవ్యాల బోర్డుకు గుంటూరులో ప్రయోగశాల ఉన్నది. పరాయి దేశంవాడు మన పరీక్షను నమ్మకపోతే సరుకు రేవు నుంచి వెనక్కు వస్తుంది, కనుక అక్కడ పద్ధతి తప్పరు. అదే మిరపకు మందు కొట్టి, ఆర్గానోఫాస్ఫేటు విషం ఒంటికెక్కి, చొంగ కారుతూ, కనుపాపలు చిన్నవై ఆసుపత్రికి చేరిన కూలీ రక్తంలో కోలినెస్టరేజ్ ఎంత పడిపోయిందో చెప్పవలసిన మనిషి ఎక్కడ శిక్షణ పొందాడని అడిగే కొనుగోలుదారు ఎవరూ లేరు.

చట్టం నిద్రపోతున్నదని అనను. ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. ప్రయోగశాల నివేదిక మీద పాథాలజీలో పై చదువు చదివిన వైద్యుడి సంతకం ఉండాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. అందులో నాకు నచ్చిన అంశం గంటల లెక్క. డిప్లొమా స్థాయిలోని అనుబంధ ఆరోగ్య వృత్తివేత్తకు రెండు వేల గంటలకు తగ్గకుండా, డిగ్రీతో వచ్చే ఆరోగ్య వృత్తివేత్తకు మూడు వేల ఆరు వందల గంటలకు తగ్గకుండా చదువు ఉండాలన్నారు. విద్యను గంటలతో కొలవడమా అని నా వంటి పాతకాలపువాడికి మొదట రోత కలగవచ్చు. వ్యాకరణానికి ఆ కొలత చెల్లదేమో గాని, సూది పట్టే చేతికి చెల్లుతుంది. అయితే గంటలు లెక్కపెట్టేవాడు నిజాయతీపరుడు కాకపోతే ఆ సంఖ్య కూడా ఒకే సిరాతో పెట్టిన సంతకాల వరుసలోకే చేరుతుంది. ఆసుపత్రి రిజిస్టరులో ఆ రోజు ఎన్ని పరీక్షలు జరిగాయో ఉంటుంది గదా, విద్యార్థి పుస్తకాన్ని దానితో సరిచూస్తే చాలు. కొత్త యంత్రమేదీ అక్కర్లేదు.

మా ఊరికి ఇది దూరపు విషయం కాదు. 2024 అక్టోబరులో దాచేపల్లిలో అతిసారం ప్రబలి ఇద్దరు మరణించారని వార్తలు వచ్చినప్పుడు అందరి నోటా ఒకటే ప్రశ్న, నీటిలో ఏమున్నదని. బోర్ల నీటి నమూనాలు పరీక్షకు వెళ్ళాయి. ఆ రోజులలోనే నేను తెలుసుకున్న సంగతి ఇది. బ్లీచింగు కలిపిన నీటిని పట్టవలసిన సీసాలో ముందుగా సోడియం థయోసల్ఫేటు వేసి ఉంచాలి. లేకపోతే సీసాలో కూడా క్లోరిన్ తన పని తాను చేసుకుపోయి, ప్రయోగశాలకు చేరేసరికి క్రిములు చచ్చి, నీరు స్వచ్ఛమైనదని తేలుతుంది. రోగి మలం నమూనానైతే మందులు మొదలుపెట్టక ముందే తీసుకోవాలి, వెంటనే పంపే వీలు లేకపోతే తగిన రవాణా మాధ్యమంలో పెట్టాలి. ఈ రెండు ముక్కలు తెలిసిన మనిషి గ్రామంలో ఉండటం, లేకపోవడం మధ్య ఎన్ని ప్రాణాల తేడా ఉన్నదో నేను చెప్పనక్కర్లేదు.

ఇంకొక వర్గం ఉన్నది. వీరిని గురించి ఎవరూ మాట్లాడరు. చదువు మధ్యలో ఆగిపోయి, ఏదో ఒక ల్యాబులో గొట్టాలు కడగడంతో మొదలుపెట్టి, పదిహేనేళ్ళలో అన్నీ నేర్చుకున్నవారు. పట్టా ఉన్న కుర్రవాడికి పని నేర్పేది వీరే, జీతం సగం తీసుకునేదీ వీరే. నియమం బిగిసినప్పుడల్లా మొదట వీధిన పడేదీ వీరే. పట్టా లేనివారిని అలాగే సాగనివ్వాలని నేననను, రోగికి అది న్యాయం కాదు. అలాగని చేతిలో ఉన్న విద్యను చెత్తబుట్టలో వేయడమూ న్యాయం కాదు. పారామెడికల్ బోర్డు ఏడాదికొకసారి జిల్లా ఆసుపత్రిలో వీరిని కూర్చోబెట్టాలి. ఏ గొట్టంలో ఏమున్నదో వారికి చెప్పకుండా అయిదు నమూనాలు ఇవ్వాలి. ఒక తెమడ పలక, ఒక మలేరియా పూత సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. రక్తపు గుంపు చూసి చెప్పమనాలి, అది ఎందుకలా చెప్పారో కూడా అడగాలి. చదవవలసిన సిద్ధాంతం మిగిలి ఉంటే ఆరు నెలలు చదివించి, మళ్ళీ పిలవాలి. నెగ్గినవారి పేరు రిజిస్టరులోకి ఎక్కించాలి. ఆ అయిదు గొట్టాలనే, అదే గదిలో, అదే రోజున, కొత్తగా డిప్లొమా చేతబట్టుకుని వచ్చినవారి ముందు కూడా పెట్టాలి.