వానకారు శొంఠి కాఫీ

ఐప్పసి వానలు పట్టాయంటే కోవిల్పట్టి వైపు మన యిండ్లలో రోలు మోగవలసిందే. తమిళులు సుక్కు కాపి అంటారు. మనకది శొంఠి కాఫీ. పేరుకే కాఫీ, చాలా యిండ్లలో కాఫీపొడే పడదు. మా అత్తగారు మాత్రం అర చెంచా వేసేవారు. కొలత యేనాడూ చెప్పలేదు, అంతా పిడికిటి లెక్కే. ఆమె పోయిన యేడు తొలివానకు మేము తెల్లబోయాము.

నాలుగు సార్లు పారబోసి కనుక్కున్నది యిది: శొంఠి 50 గ్రాములు, ధనియాలు 50, మిరియాలు 10, ఏలకులు 6 కాయలు. ధనియాలు దోరగా వేయించి, శొంఠిని ముందు నలగ్గొట్టి, అన్నీ కలిపి దంచాలి. తాటిబెల్లంలో నలుసులుంటాయి గనుక 4 గ్లాసుల నీళ్ళలో కరిగించి వడగట్టండి. ఆ నీళ్ళలో 2 చెంచాల పొడి, నాలుగు తులసి ఆకులు వేసి 5 నిముషాలు మరగనివ్వండి. దించాక కాఫీపొడి చల్లి మూతపెట్టండి. పొడి అడుక్కు దిగాక తేరుకున్నది వంచుకోవడమే. పాలు మాత్రం పోయకండి, బెల్లంతో మరిగితే విరుగుతాయి. వియ్యాలవారి యెదుట ఆ పనీ చేశాము!

మొన్నటి వానకు వాసన అచ్చం అత్తగారిదే వచ్చింది. మామగారు ఒక గుక్క తాగి, కాసేపు వూరుకుని, "మిరియాలు చాలలేదమ్మా" అన్నారు. ఈసారి 15 వేస్తాము.